ఖుబానీ టెంక పగలగొట్టాక

మలక్‌పేటలో మా చిన్నమ్మ ఇంట్లో ఖుబానీ కా మీఠా చేసే రోజున పని వంటింట్లో కాదు, వాకిట్లో మొదలవుతుంది. రాత్రంతా నానిన ఖుబానీల్లోంచి, అంటే ఎండు ఆప్రికాట్లలోంచి, తీసిన టెంకలు పళ్లెంలో ఆరుతుంటాయి. చిన్నమ్మ పీట వేసుకుని కూర్చుని ఒక్కో టెంకను అంచు మీద నిలబెట్టి పొత్రంతో కొడుతుంది. గట్టిగా కొడితే లోపలి పప్పు నుజ్జవుతుంది. మెల్లగా కొడితే టెంక ఎగిరి గేటు దాకా పోతుంది. ఎగిరిపోయినవి ఏరుకొచ్చే పని పిల్లలది, అందులో సగం నోట్లో వేసుకునే పని కూడా వాళ్లదే.

మొన్న నేనక్కడ ఉండగానే మా ఫ్యామిలీ గ్రూప్‌లో గంట తేడాతో రెండు మెసేజ్‌లు పడ్డాయి. మొదటిది మా పెద్దమామ పంపినది: ఆప్రికాట్ గింజలు రోజుకు పది నమిలితే క్యాన్సర్ దరిదాపులకు రాదట. రెండోది ఎవరో వదినగారు పంపినది: ఆ గింజల్లో సైనైడ్ ఉంటుంది, పిల్లలకు అస్సలు పెట్టొద్దు. చిన్నమ్మ పొత్రం పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వు సదువుకున్నదానివి కదా. తినొచ్చునా, తినొద్దా, ఒక్క ముక్కల చెప్పు."

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. మొదటి మెసేజ్ పచ్చి అబద్ధం. రెండోదాంట్లో నిజం ఉంది కానీ, చిన్నమ్మ ముందున్న పళ్లెం గురించి ఆ నిజం ఏం చెబుతుందన్నది వేరే సంగతి.

మామిడికీ టెంకే అంటాం, రేగుకీ టెంకే అంటాం, ఖుబానీకీ అదే మాట. వీటి లోపలి పప్పుల గుణాలు మాత్రం ఒకటి కావు. సైనైడ్ గొడవంతా ముఖ్యంగా ప్రూనస్ అనే ఒక్క జాతిది. ఆప్రికాట్, పీచ్, ప్లమ్, చెర్రీ, మనం రోజూ నానబెట్టుకునే బాదం, అన్నీ ఆ ఇంటి పిల్లలే. బాదంలో పైకండ పారేసి పప్పు తింటాం. ఆప్రికాట్‌లో కండ తిని పప్పు పారేస్తాం. హైదరాబాద్ వాళ్లు రెండూ వదలరు, కండ వండి దాని పప్పును దాని మీదే చల్లుతారు.

నిజానికి ఆ పప్పులో సైనైడ్ సిద్ధంగా కూర్చుని ఉండదు. ఉండేది ఎమిగ్డలిన్ అనే పదార్థం. ఇద్దరు ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్తలు 1830లో చేదు బాదం నుంచి దాన్ని విడదీశారు. అదే పప్పులో మరో అరలో ఒక ఎంజైమ్ ఉంటుంది. రెండూ వేర్వేరు గదుల్లో ఉన్నంతసేపూ ఏమీ జరగదు. పళ్లతో నమిలినా, రోట్లో నూరినా, మిక్సీలో తిప్పినా మధ్య గోడలు కూలిపోయి, తడి తగిలి రెండూ కలుస్తాయి. పసుపు ఒక గిన్నెలో, సున్నం ఒక గిన్నెలో ఉన్నంతసేపు దేని రంగు దానిదే, కలిపితేనే ఎర్రబడుతుంది కదా, అలాగన్నమాట. ఎమిగ్డలిన్ విరిగి చక్కెర, బెంజాల్డిహైడ్, హైడ్రోజన్ సైనైడ్ అవుతుంది. బెంజాల్డిహైడ్ అంటే మరేదో కాదు, కేకుల్లో వేసే బాదం ఎసెన్స్ వాసన అదే. సీసాలో అమ్మే ఎసెన్స్‌లో సైనైడ్ ఉండదు, వాసన మాత్రమే ఉంటుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

చెట్టుకు ఇదంతా ఎందుకంటే, గింజను కొరికే పురుగుకూ ఎలుకకూ బుద్ధి చెప్పడానికి. కొరకనంతవరకూ ఎవరికీ హాని లేదు. అందుకే చెర్రీ టెంక పొరపాటున మింగిన పిల్లాడికి విషం ఎక్కదు, అది వచ్చిన దారినే బయటికి పోతుంది. పచ్చడికి ఉడికించే ఆలూ బుఖారా టెంకతో సహా గిన్నెలో పడినా భయం లేదు. టెంక పగలనంతవరకూ లోపలి పప్పు తన గదిలోనే ఉంటుంది.

పశువులను పెంచిన పల్లెవాళ్లకు ఈ విషం కొత్త కాదు. వాన లేక వాడిన జొన్నచేలో, కోసిన మోళ్ల నుంచి మళ్లీ లేచిన లేత పిలకలు మేసిన గొడ్డు కాసేపటికే ఊపిరందక కింద పడిపోతుంది. దాన్ని నాము అంటారు. లేత జొన్నలో ఉండే పదార్థం పేరు వేరు, ధురిన్. కానీ నమలగానే అది విరిగి వదిలేది అదే సైనైడ్. పశువుల డాక్టరు వచ్చి నరానికి ఎక్కించే సోడియం థయోసల్ఫేట్, మనిషికి సైనైడ్ ఎక్కినప్పుడు ఆసుపత్రిలో వాడే విరుగుడు మందుల్లో ఒకటి. పూతకొచ్చిన జొన్నను కోసి, బాగా ఎండబెట్టి చొప్పగా వేస్తే అదే పశువు హాయిగా నెమరేస్తుంది. మొక్క అదే, వయసూ తయారుచేసిన తీరూ మారాయి. ఖుబానీ పప్పు కథ కూడా ఇంచుమించు ఇదే కాబట్టి నామును గుర్తుపెట్టుకోండి.

ఒంట్లోకి వెళ్లిన సైనైడ్ చేసే పని చాలా క్రూరమైనది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, కణాలు మాత్రం దాన్ని వాడుకోలేవు. ఎదురుగా విస్తరి నిండా వడ్డించి చేతులు కట్టేసినట్టు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, ఆయాసం, తికమకతో మొదలై, మోతాదు మరీ ఎక్కువైతే ఫిట్స్, స్పృహ తప్పడం, ప్రాణం పోవడం దాకా వెళుతుంది. అయితే సైనైడ్ అనగానే సినిమా విలన్ కొరికే క్యాప్సూల్ ఒక్కటే గుర్తు తెచ్చుకోవడం కూడా సరికాదు. మన ఒంట్లో రోడనీస్ అనే ఎంజైమ్ ఉంది. కొద్ది కొద్దిగా వచ్చే సైనైడ్‌కు గంధకం తగిలించి థయోసయనేట్‌గా మార్చి మూత్రంలో పంపించేస్తుంది. ఆ ఎంజైమ్ తట్టుకోగలిగిన వేగం కన్నా ఎక్కువ వేగంగా విషం వచ్చిపడితేనే ప్రమాదం. కాబట్టి లెక్కంతా ఎన్ని, ఎంత చేదువి, ఎవరి ఒంటికి అన్నదే.

ఆ లెక్క ఇంట్లో కాగితం మీద వేసుకోవచ్చు. ఒక్కసారి తిన్నదాంట్లో కిలో శరీర బరువుకు 20 మైక్రోగ్రాములకు మించి సైనైడ్ ఉండకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో హద్దు పెట్టింది. 60 కిలోల మనిషికి అది 1.2 మిల్లీగ్రాములు. ఇక పప్పు వైపు చూద్దాం. ఒక గ్రాము ఎమిగ్డలిన్ పూర్తిగా విరిగితే సుమారు 59 మిల్లీగ్రాముల సైనైడ్ వస్తుంది. ఆప్రికాట్ పప్పులో గ్రాముకు దాదాపు 14 మిల్లీగ్రాముల ఎమిగ్డలిన్ ఉన్నట్టు కొలిచిన సందర్భాలున్నాయి. అంటే గ్రాము పప్పు నుంచి 0.8 మిల్లీగ్రాముల సైనైడ్. చిన్న పప్పు అర గ్రాము తూగుతుందనుకుంటే ఒక్కోదాంట్లో 0.4. మూడు పప్పులకే పెద్దవాళ్ల హద్దు నిండిపోయింది. 12 కిలోల పసివాడికి సగం పప్పే హద్దు. ఆ సంస్థ చెప్పిందీ దాదాపు ఇదే: పచ్చి చేదు పప్పులు చిన్నవైతే మూడు దాటినా, పెద్దదైతే సగం కూడా తినకముందే పెద్దవాళ్లు హద్దు దాటవచ్చు, పసివాళ్లకు ఒక్క చిన్న పప్పు కూడా ఎక్కువే. బాగా చేదు రకాల్లో ఎమిగ్డలిన్ నేను వేసిన లెక్క కన్నా చాలా ఎక్కువ ఉంటుంది, సగం పప్పు మాట అందుకే వచ్చింది.

హద్దు దాటగానే మనిషి పడిపోతాడని దీని అర్థం కాదు. ప్రాణం తీసే మోతాదు కిలోకు 0.5 నుంచి 3.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుందంటారు. 60 కిలోల మనిషికి తక్కువలో తక్కువ 30 మిల్లీగ్రాములు. 1.2కూ 30కీ మధ్య పాతిక రెట్ల ఎడం ఉంది, ఆ ఎడాన్నే భద్రత అంటారు. కానీ పెద్దమామ మెసేజ్‌లోలా రోజుకు పది నమలడమంటే ఆ ఎడంలోకి రోజూ నడిచి వెళ్లడమే. బాగా చేదు రకమైతే అవతలి గట్టుకు ఎంత దగ్గరగా వెళ్లామో తెలిసే దారి కూడా ఉండదు.

ఇంతవరకూ చెప్పిందంతా చేదు పప్పు సంగతి. మరి మీఠా మీద చల్లే పప్పు చేదుగా ఉండదు కదా?

ఉండదు. అసలు మెలిక అక్కడే. బాదంలో చేదు, తీపి అనే తేడాకు కారణం చెట్టు జన్యువుల్లో ఉంది. అడవి బాదం చేదు. ఎప్పుడో ఒక చెట్టులో జరిగిన చిన్న మార్పు వల్ల ఎమిగ్డలిన్ తయారీ మూతపడింది. రైతులు ఆ తీపి చెట్టును పట్టుకుని పెంచుకుంటూ వచ్చారు. ఆ మార్పు సరిగ్గా ఏ జన్యువులో జరిగిందో 2019లో శాస్త్రవేత్తలు తేల్చారు. మనం కొనే బాదంలో అప్పుడప్పుడూ ఒకటి నోరు చేదు చేసి ఉమ్మేయిస్తుందే, అది పాత చెట్టు గుర్తు. ఆప్రికాట్‌లోనూ ఇలాగే రెండు రకాలున్నాయి. లడఖ్ వాళ్లు వాటికి వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు: చేదు పప్పుది ఖాంటే, తీపి పప్పుది న్యార్మో. వీటన్నిటిలో గొప్పది రక్త్సే కార్పో. ఆ పేరుకు అర్థమే తెల్ల గింజ. దాని పప్పు తియ్యగా ఉంటుంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చేదు రకం గింజలను అక్కడివాళ్లు నూనె తీయడానికి వాడతారు. ఎమిగ్డలిన్ నూనెలో కరగదు, పిండగా మిగిలిన చెక్కలోనే ఉండిపోతుంది. నూనె మంచిదైనా ఆ చెక్కను మాత్రం పశువులకు వేయకూడదన్నమాట.

దక్కనులో ఆప్రికాట్ పండదు, దానికి గట్టి చలి కావాలి. బేగంబజార్‌లో గోనెసంచుల్లో కనిపించే గట్టి గోధుమరంగు ఖుబానీ, చలి దేశాల్లో టెంకతోనే ఎండబెట్టి ఇక్కడిదాకా వచ్చిన సరుకు. పక్కనే మెరిసిపోయే నారింజ రంగులో, మెత్తగా, టెంక లేకుండా ఉండేది వేరే సరుకు. దాని రంగు గంధకపు పొగ చలవ, అది వేయకపోతే అదీ గోధుమరంగులోకే తిరుగుతుంది. మీఠాకు పాతకాలం వాళ్లు టెంక ఉన్నదాన్నే అడుగుతారు. రుచి చిక్కగా ఉంటుందని వాళ్ల మాట, నా మాట కూడా అదే. పైగా పప్పు ఉచితం. ఈ ఖుబానీల్లో పప్పు చాలావరకు తియ్యనిదే. చేదుదైతే పండు మీద దాని పప్పే చల్లే ఆచారం పెళ్లి పందిళ్లలో ఇన్నాళ్లు నిలిచేది కాదు. వడ్డించిన గిన్నెలో ఒక్కొక్కరికి వచ్చేవి నాలుగైదు పప్పులు. తీపి పప్పులో ఎమిగ్డలిన్ సున్నా కాదు గానీ చాలా తక్కువ. ఆ లెక్కన మీఠాకు భయపడాల్సిన పని నాకేమీ కనబడలేదు. కాకపోతే ఒకే సంచిలో రకరకాల తోటల సరుకు కలుస్తుంది కాబట్టి అందులో చేదువి కొన్ని దొర్లుతాయి.

ఇక్కడ ఇంకో నమ్మకం గురించి చెప్పాలి. "వేయిస్తే విషం పోతుంది", "వేడినీళ్లలో వేసి పొట్టు తీస్తే చాలు" అని చాలామంది అంటారు. సగమే నిజం. వేడి తగిలితే ముందు చచ్చేది ఎంజైమ్. ఎమిగ్డలిన్ అంత తేలిగ్గా చావదు. పప్పును పగలగొట్టకుండా పైపైన వేయిస్తే గది తాళం చెడగొట్టినట్టే తప్ప గదిలో సరుకు అలాగే ఉంటుంది. ఆ సరుకు పేగుల్లోకి చేరాక అక్కడి బాక్టీరియా దగ్గర అలాంటి ఎంజైమే ఉంటుంది, మిగిలిన పని అవి పూర్తిచేస్తాయి. పొట్టు తీయడం వల్ల చూడ్డానికి తెల్లగా, బాదంలా బాగుంటుంది, అంతే.

చేదును నిజంగా వదిలించాలంటే వరస తిరగబడాలి. ముందు నూరాలి, నీళ్లలో నానబెట్టాలి, ఎంజైమ్‌కు పని చేసే సమయం ఇవ్వాలి, ఆ తర్వాత మూత పెట్టకుండా మరిగించాలి. హైడ్రోజన్ సైనైడ్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, హైదరాబాద్ ఎండ చాలు దానికి. తెరిచిన గిన్నెలోంచి అది ఎగిరిపోతుంది, వాసన కొంత మిగులుతుంది. ఇటలీలో అమరెట్టి బిస్కెట్లకు చేదు బాదమో ఆప్రికాట్ పప్పో నూరి, చక్కెర, గుడ్డు తెల్లసొనతో కలిపి కాలుస్తారు. చైనాలో తీపి పప్పుకు చిటికెడు చేదు పప్పు కలిపి పాయసంలాంటిది కాస్తారు. జర్మనీలో పెర్సిపాన్ అనే మిఠాయి ముద్దకు ఫ్యాక్టరీల్లో చేదు పప్పును నీళ్లు మారుస్తూ నానబెట్టి చేదు తీస్తారు. కర్రపెండలం నుంచి సగ్గుబియ్యం తీసేటప్పుడు కూడా దుంపను తురిమి, కడిగి, పిండిని తేర్చి, ఆరబెట్టే వరసలో జరిగేది ఇదే. ఆ దుంపలోనూ ఇలాంటి విషమే ఉంటుంది. అయితే ఫ్యాక్టరీలో కొలిచే పరికరం ఉంటుంది, మన వంటింట్లో ఉండదు. చేదు పప్పును ఇంట్లో మంచిచేసుకుంటామనే ప్రయోగాన్ని నేనైతే ఎవరికీ చెప్పను.

పెద్దమామ దగ్గరికి వద్దాం. ఆయన మెసేజ్ పంపి ఊరుకోలేదు, ఆన్‌లైన్‌లో ఒక పొట్లం కూడా తెప్పించాడు. పొట్లం మీద పెద్దక్షరాల్లో "విటమిన్ బీ17" అని ఉంది. ఎన్ని తినాలి, ఎవరు తినకూడదు అన్నది ఎంత వెతికినా కనబడలేదు. భోజనానికి వచ్చినప్పుడు దాన్ని సంచిలో పట్టుకొచ్చాడు. చిన్నమ్మ అందులోంచి ఒకటి గోటితో గిల్లి నాలుకకు తాకించి వెంటనే ఉమ్మేసింది. "వేపాకు నయం."

బీ17 అనే విటమిన్ లేదు. ఎమిగ్డలిన్‌కూ, దాన్ని కొంచెం మార్చి తయారుచేసిన లెట్రైల్‌కూ అమెరికాలో అంటించిన వ్యాపారపు పేరది. విటమిన్ అంటే అది లేకపోతే జబ్బు చేయాలి. ఎమిగ్డలిన్ లేక జబ్బు పడినవాళ్లు లోకంలో ఎవరూ లేరు. 1970లలో అక్కడ లెట్రైల్‌కు ఎంత మోజు ఉండేదంటే, క్యాన్సర్ వచ్చిన హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ దానికోసం మెక్సికో వెళ్లాడు. 1980లో చనిపోయాడు. చివరికి మాయో క్లినిక్ అనే అక్కడి పెద్ద ఆసుపత్రి ఆధ్వర్యంలో 178 మంది రోగులకు ఇచ్చి చూశారు. 1982లో వచ్చిన ఫలితం ఏమంటే, క్యాన్సర్ తగ్గిందీ లేదు, ఆయుష్షు పెరిగిందీ లేదు, కొందరి రక్తంలో సైనైడ్ మాత్రం ప్రమాదకరమైన స్థాయికి చేరింది. ఆస్ట్రేలియాలో 67 ఏళ్ల ఆయన ఒకరు క్యాన్సర్ తిరగబెట్టకూడదని ఐదేళ్లపాటు ఈ పప్పుల సారం తీసుకున్నారు. రోజుకు సుమారు 17 మిల్లీగ్రాముల సైనైడ్ లోపలికి పోతున్న సంగతి, చిన్న ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చినప్పుడు ఆక్సిజన్ తక్కువగా చూపిస్తే గానీ బయటపడలేదు. 2017లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అప్పటికే, 2015లో, పచ్చి ఆప్రికాట్ పప్పుల అమ్మకాన్ని నిషేధించాయి. యూరప్ 2017లో అమ్మే పప్పుకు, కిలో పప్పులో 20 మిల్లీగ్రాముల సైనైడ్ అనే పరిమితి పెట్టింది.

వింతేమిటంటే, ఈ కథలో అసలు విటమిన్ ఒకటి ఉంది. సైనైడ్ ఎక్కినవాళ్లకు ఇచ్చే విరుగుడు మందుల్లో హైడ్రాక్సోకోబాలమిన్ ఒకటి. అది రక్తంలో సైనైడ్‌ను పట్టుకుని సయనోకోబాలమిన్ అవుతుంది, అంటే మనకు తెలిసిన బీ12. దొంగ విటమిన్ పెట్టిన విషాన్ని నిజం విటమిన్ తీస్తుంది. పెద్దమామకు ఈ ముక్క నచ్చింది, మిగతా ఉపన్యాసం అంతగా నచ్చలేదు.

ఎవరైనా చేదు పప్పులు గుప్పెడు నమిలి, తల తిరగడమో వాంతో ఆయాసమో మొదలైతే మజ్జిగలు, నిమ్మరసాలు పట్టిస్తూ కూర్చోవద్దు. 108కు ఫోన్ చేయాలి, పొట్లం వెంట తీసుకెళ్లాలి, ఎన్ని తిన్నారో చెప్పాలి. నిమిషాల నుంచి గంటా రెండు గంటల్లో బయటపడే విషం ఇది.

మిగతా టెంకల సంగతి టూకీగా. షీర్ ఖుర్మాలో వేసే సారపప్పు కూడా టెంక పప్పే, అడవిలో దొరికే మొర్రి పండ్లది. దానికీ ప్రూనస్ జాతికీ చుట్టరికం లేదు, నిశ్చింతగా తినొచ్చు. స్కూలు గోడ పక్కన పెద్ద ఆకులతో పెరిగే బాదం చెట్టుదీ అంతే. పేరుకే బాదం, నిజం బాదానికి ఏమీ కాదు. రాయితో చితక్కొట్టి ఆ సన్నటి పప్పు తీసుకుని తిన్న మా తరం పిల్లలకు ఏమీ కాలేదు, వేళ్లు నలగడం తప్ప. మామిడి టెంక లోపలి జీడిలో బాధించేది ముఖ్యంగా వగరు. ఆ వగరు పోయేదాకా నానబెట్టి కడిగి, ఎండబెట్టి పిండి చేస్తారు. అందులోంచి తీసిన కొవ్వును చాక్లెట్లలో కోకో వెన్నకు తోడుగా వాడతారు. కానీ తడిగా నిల్వ ఉంచిన జీడికి బూజు పడుతుంది. 2001లో ఒడిశా కాశీపూర్‌లో మామిడి టెంకల జావ తాగిన ఆదివాసులు చనిపోయినప్పుడు బూజు విషమా, ఆకలా అని పెద్ద వాదన నడిచింది. తినడానికి వేరే ఏమీ లేక టెంకలు దాచుకున్నవాళ్ల విషయంలో ఆ రెంటినీ అంత తేలిగ్గా విడదీయలేమని నాకనిపిస్తుంది.

మిక్సీలో చెర్రీలు, ప్లమ్‌లు వేసేటప్పుడు టెంకలు తీసేయండి, బ్లేడు వాటిని నూరేస్తుంది. పీచ్ టెంక పగిలి పప్పు బయటపడితే పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇక చిన్నమ్మ పళ్లెం. మొత్తం ముప్ఫై ఎనిమిది పప్పులు వచ్చాయి. వేడినీళ్లలో వేసి పొట్టు తీశాక ఒక్కోదాన్ని రెండు బద్దలుగా విడదీసి, అంచు గోటితో గిల్లి నాలుక కొసకు తాకించి చూసింది. ఇది నేను చెప్పిన ఉపాయం కాదు. పెళ్లైన కొత్తలో వాళ్ల అత్తమ్మ నేర్పిందట, మీఠా రుచి చెడకుండా ఉండటానికి. రెండు చేదువి దొరికితే టెంకల చెత్తలో పడేసింది. రాత్రి అందరికీ మలాయ్ వేసి వడ్డించింది. పెద్దమామ గిన్నెలో పప్పులు మూడే కనబడ్డాయి. "పది కావాలన్నవు కదా బావా," అంది చిన్నమ్మ, "మిగిలిన ఏడు నీ పొట్లంల ఉన్నయి, అది నాకిచ్చి పో."

ఆయన ఇచ్చి వెళ్లాడు.